కోర్టుకు తొడుక్కుపోయిన బట్టలు

పంజాగుట్ట నుంచి బేగంపేట వైపు పోయే రోడ్డు మీద ఒక పెద్ద హోటలు ఉంది. పేరు చెప్పను. చెప్తే అందరూ హోటలు గురించే మాట్లాడతారు. నేను చెప్పాలనుకున్నది దాని కింద ఉండిన లాండ్రీ గురించి. పైన సోఫాల్లో కూర్చుని కాఫీ తాగేవాళ్లకు తమ కాళ్ల కింద ఇంకో అంతస్తు ఉందని, పొద్దున్నే అక్కడ ఆవిరి కమ్ముకుంటుందని తెలియదు. వాళ్లకు తువాలు తెల్లగా ఉంటే చాలు.

లాండ్రీని ఆనుకుని ఉన్న చిన్న గది నాది. చిరిగిన దుప్పట్లు కుట్టడం, ఊడిన గుండీలు వేయడం, వెయిటర్ల ప్యాంట్లు పొట్టి చేయడం నా పని. మాది మగ్గాల ఊరు. మా నాన్న మగ్గం వదిలేసి పట్నం వచ్చి అమీర్‌పేట గల్లీలో కుట్టు మిషను పెట్టుకున్నాడు. ఆ మిషను మీదే నేను పని నేర్చుకున్నాను. తాత నేశాడు, తండ్రి కుట్టాడు, నా దగ్గరికి వచ్చేసరికి అతుకులు మిగిలాయి అని నన్ను నేనే వెక్కిరించుకునేదాన్ని. నాకు నోరు ఎక్కువని హోటలంతా అనేవాళ్లు. అది నిజమే. పనిచేసే చోట నోరు లేకపోతే ఏమవుతుందో చూసినదాన్ని కాబట్టి తగ్గించుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

లాండ్రీకి పెద్ద దిక్కు అక్క. తోడబుట్టిన అక్క కాదు. హోటల్లో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవాళ్లు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. బోరబండలో ఇల్లు. భర్త ఆటో నడిపేవాడు. ఆదివారం చర్చికి పోకపోతే ఆ వారమంతా ఆమెకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. హోటలు తెరిచిన నాటి నుంచి ఆ లాండ్రీలోనే ఉంది. దుప్పట్లను ఇస్త్రీ చేసే పొడుగాటి రోలరు మిషను ముందు నిలబడి నిలబడి ఆమె కుడిచేయి ఎడమచేయి కంటే నల్లబడింది.

అక్కకు ఒక పిచ్చి ఉండేది. మా హోటల్లో ఎవరు పెద్ద పని మీద పోతున్నా నలిగిన బట్టలతో పోనిచ్చేది కాదు. పెళ్లిచూపులకు పోయే వెయిటరు, బిడ్డను బడిలో చేర్చడానికి పోయే వాచ్‌మన్, పాస్‌పోర్టు ఆఫీసుకు పోయే వంటాయన, అందరూ ముందు కిందికి దిగి అక్క ముందు నిలబడాల్సిందే. ఒకసారి వంటగదిలో ఒకాయనకు తల్లి పోయిందని ఫోను వచ్చింది. ఏడుస్తూ బస్సుకు పరిగెత్తబోతుంటే అక్క పట్టుకుని చొక్కా విప్పించి ఇస్త్రీ చేసింది. "ఏడ్చుకుంట పో తమ్మీ, ఎవలొద్దన్నరు. గని నలిగిన అంగితోటి పోకు. మీ అమ్మకు ఆఖరుసారి కనవడ్తవు" అంది. ఆయన బనీను మీద నిలబడి ఆ రెండు నిమిషాలు ఏడుపు ఆపుకున్నాడు. నాకు ఆ రోజు ఆమె మీద కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది.

"మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది నీ యవ్వారం" అని వెక్కిరించేదాన్ని. "ఔ మరి. మెతుకు లేదని మీసాలు సుత వదులుకోవాల్నా?" అనేది.

హోటల్లో రెండు యూనియన్లు ఉండేవి. పెద్దది వంటగది, రెస్టారెంటు, గదులు ఊడ్చేవాళ్లు అందరిదీ. లాండ్రీవాళ్లం అందులోనే ఉండేవాళ్లం, మీటింగులకు మమ్మల్ని పిలవడం వాళ్లు ఎప్పుడూ మర్చిపోయేవాళ్లు. విసిగిపోయి బయటికొచ్చి చిన్న యూనియను పెట్టుకున్నాం. అక్క అధ్యక్షురాలు. చదవడం రాయడం వచ్చని నన్ను కార్యదర్శిని చేశారు. మా యూనియను ఆఫీసు నా కుట్టు మిషను పక్కన ఉన్న స్టూలు.

ఒక వానాకాలంలో పెద్ద యూనియనూ మేనేజిమెంటూ కూర్చుని కొత్త ఒప్పందం రాసుకున్నాయి. అందరికీ జీతాలు పెరుగుతాయి, సెలవులు పెరుగుతాయి, కొత్త యూనిఫారాలు వస్తాయి. దానికి బదులుగా లాండ్రీ మూసేస్తారు. బట్టలన్నీ ఊరి బయట కాంట్రాక్టరు దగ్గరికి పోతాయి. మమ్మల్ని పనిలోంచి తీసెయ్యరు, తలా ఒక చోటికి పంపిస్తారు: ఒకరిని అంట్ల దగ్గరికి, ఒకరిని బాత్‌రూములకు, ఒకరిని తోటకు. లేబర్ ఆఫీసులో అధికారి ముందు సంతకాలయ్యాయి. ఆయన ముద్ర వేసి ఆమోదించాడు. మాకు ఆ సాయంత్రం లడ్డూలు పంచుతుంటే తెలిసింది.

పెద్ద యూనియను నాయకుడు రెస్టారెంటులో కెప్టెను, అంటే వెయిటర్లకు పెద్ద. ఆయన్ని అన్న అనేవాళ్లం. చెడ్డవాడు కాదు. రెండో రోజు నా గదికి వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"చెల్లె, జర అర్థం చేస్కోండ్రి. ఇంతమందికి జీతాలు పెరగాల్నంటే ఎక్కడో ఒక తాన కొయ్యాలె కదా" అన్నాడు.

"కోసుడు నాకు చెప్పకన్నా, నా పనే గది. కోసేముందు బట్ట ఎవలదో వాళ్లను అడుగుతం. మమ్మల్ని అడిగినవా?"

"అడిగితే ఒప్పుకుంటుంటిరా?"

"ఒప్పుకోకపోతుంటిమి."

"మరి?" అన్నాడు. "నేను సంతకం పెట్టకుంటే రెండేండ్ల నుంచి పెరగని జీతాలు ఇంకో రెండేండ్లు పెరగకపోతుండె. అందరు నా పానం తీస్తున్నరు. మీరు ఊరందరిదొక దారి ఉలిపికట్టెదొక దారి అంటే ఎట్ల?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆయన పరిస్థితి. నాకు తెలియక కాదు. కానీ ఆ కథలో కప్ప మేమే. ఆయన చేతిలోని లడ్డూ డబ్బా మిషను మీద పెట్టి పోయాడు. అది చీమలు పట్టేదాకా అక్కడే ఉంది.

అక్క మాత్రం కోపం తెచ్చుకోలేదు. "పని పోతే పని దొరుకుతది. నేను అంట్లు తోమనా? తోముతా. గని మనం ఇంతమందిమి ఇన్నేండ్లు ఒక్కతాన ఉన్నం. గిట్ల ఉండుడు మళ్ల యాడ దొరుకుతది?" అంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆడవాళ్లందరూ రోలరు చుట్టూ నిలబడి అక్క చెప్పే ప్రార్థన వినేవాళ్లు. హిందువులూ నిలబడేవాళ్లు, తురకామె కూడా నిలబడేది, నేను కూడా గడపలో నిలబడేదాన్ని. భక్తి కాదు. దినమంతటిలో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేది అప్పుడే. అక్కకు పోగొట్టుకోవడం ఇష్టం లేనిది అదే. ఒప్పందం కాగితంలో దాని గురించి ఒక్క మాట కూడా లేదు.

అమీర్‌పేటలో కంప్యూటరు కోచింగు సెంటరు పైన ఒక వకీలు ఉండేవాడు. గుంటూరు దిక్కు మనిషి, ఎన్నో ఏళ్ల కింద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కార్మికుల కేసులే చూసేవాడు. ఆయన మాట్లాడుతుంటే కింద క్లాసులో మైకు పట్టుకుని ఎవరో పాఠం చెప్తూ ఉండేవాడు. రెండూ కలిసిపోయి మాకు ఏదైనా సగమే అర్థమయ్యేది.

"ఏంటంటేనమ్మా, లేబర్ ఆఫీసరు ముందు రాజీ కుదిరి ఆమోదం పడ్డాక అది సంతకం పెట్టినవాళ్లకే కాదు, పెట్టనివాళ్లకీ వర్తిస్తుంది" అన్నాడు.

"అంటే పెండ్లిపిల్లనడగకుంట పెండ్లి చేసినట్టు" అన్నాను.

ఆయన నవ్వాడు. "దాదాపు అంతే. ఆ ఆమోదం చెల్లదని మనం కోర్టులో సవాలు చెయ్యాలి. ఎవరి పొట్ట మీద కొడుతున్నారో వాళ్లని వినకుండా ఆమోదించారు, అది అన్యాయం అని మన వాదన. కష్టమే. ఎక్కువమంది ఒప్పుకున్న ఒప్పందాన్ని కోర్టులు అంత తేలిగ్గా కదపవు. ఇంకో మాట. ఈ ఒప్పందం వల్ల వచ్చిన లాభం ఏదీ మనం సంతోషంగా పుచ్చుకున్నట్టు కనపడకూడదు."

పెరిగిన జీతం బ్యాంకులో దానంతటదే పడుతుంది, వద్దంటే ఆగదు. అందుకని, కేసు తేలేదాకా నిరసనతోనే తీసుకుంటున్నామని ఒక ఉత్తరం రాసి ఇమ్మన్నాడు. రాసి ఇచ్చాం. ఇంక ఏదైనా ఉందా అని అడిగాడు. ఏమీ లేదన్నాం. మా బుర్రలో నిజంగానే ఇంకేమీ లేదు.

కోర్టు కేసు తీసుకుంది. తేలేదాకా లాండ్రీని కదిలించవద్దంది. ఆ కబురు వచ్చిన రోజు కింద మేం చేసిన గోలకు పైనుంచి మేనేజరు దిగి వచ్చాడు. అక్క రోలరు మీద చేయి వేసి కళ్లు మూసుకుంది. ఏమనుకుందో అడిగితే, "మనం చెప్పింది ఎవలో ఒకలు విన్నరు కదా" అంది. గెలవడం గురించి కాదు, వినడం గురించే ఆమె సంతోషం. నాకు మాత్రం గెలుపు కూడా కనపడింది. అబద్ధం ఎందుకు, కొత్త ఒప్పందం రాసేటప్పుడు నేను ఏం మాట్లాడాలో కూడా మనసులో కుట్టుకుని పెట్టుకున్నాను.

ఈలోగా కొత్త యూనిఫారాలు వచ్చాయి. అప్పటిదాకా లాండ్రీవాళ్లకు నీలం చీరలు. ఇప్పుడు ముదురాకుపచ్చ ప్యాంటు, పొడుగు చొక్కా, పైన చిన్న కోటు. ప్యాంట్లు అనగానే ఆడవాళ్లు సిగ్గుతో చచ్చిపోయారు. బయట ఎక్కడో కుట్టించి పంపారు, ఒక్కటీ ఒంటికి కుదరలేదు. అన్నీ నా దగ్గరికే వచ్చాయి. భుజాలు దించి, నడుము వదిలి, ఒక్కొక్కరికీ సరిచేశాను. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాక సిగ్గు పోయింది. ఒకామె అద్దం ముందు నుంచి కదలదే! పాత నీలం చీరలు వెనక్కి తీసుకున్నారు. వాటిని తుడుపు గుడ్డలుగా కత్తిరించింది కూడా నేనే, అదీ నా పనే.

ఇప్పుడు చెప్తే వినేవాళ్లు అడుగుతారు, అంత తెలివి లేదా మీకు అని. యూనిఫారం ఒప్పందంలో వచ్చిన లాభం అని మాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. లాండ్రీలో బతికేవాళ్లకు యూనిఫారం అంటే ఒకరు ఇచ్చేది కాదు, ఒకరు మాపేది. వంటవాళ్ల కోట్ల మీద పసుపు, వెయిటర్ల చొక్కాలకు కూర, తోటవాళ్ల ప్యాంట్లకు మట్టి. యూనిఫారం అంటే పని. పనిని ఎవరైనా బహుమతి అనుకుంటారా?

కేసు ఆఖరి వాదనలకు వచ్చింది. మీరు రావాల్సిన అవసరం లేదమ్మా అన్నాడు వకీలు. అక్క వినలేదు.

"కాయితం మీద మనం పేర్లమే. ఒక్కసారి మనుషుల్ని చూస్తే జడ్జికి అర్థమైతది" అంది. ఆ మాట అందరికీ నచ్చింది, నాకు కూడా నచ్చింది.

"ఏం కట్టుకుందాం?" అని ఎవరో అడిగారు. పట్టుచీర ఉన్నవాళ్లు పట్టుచీర అన్నారు, లేనివాళ్లు ఊరుకున్నారు. అక్క అది కనిపెట్టింది.

"చీరలు వద్దు. తలొక్క తీరుగ పోతే పేరంటానికి వచ్చిన్రనుకుంటరు. యూనిఫారంల పోదాం. పనోళ్లం, ఒక్క సెక్షనోళ్లం అని కనవడాలె" అంది.

ఆ రోజు పొద్దున లాండ్రీలో చేసిన ఇస్త్రీ లాంటిది నా జన్మలో చూడలేదు. ఒక్కొక్క కోటునూ అక్కే చేసింది, వేరేవాళ్లను ముట్టుకోనివ్వలేదు. కాలరు ఎత్తి దాని కింద కూడా ఇస్త్రీ పెట్టింది. ఎవరి కోటు వాళ్లు తొడుక్కున్నాక ఒక్కొక్కరినీ తిప్పి చూసింది. ఒకామె వెనకాల దారప్పోగు వేలాడుతుంటే నన్ను పిలిచి కత్తిరించమంది. ప్రార్థనలో, "ప్రభువా, మేము సక్కగ కనవడేటట్టు చెయ్యి" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

బస్సులో కూర్చుంటే నలుగుతాయని కోర్టుదాకా నిలబడే వచ్చాం. సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు మమ్మల్ని వింతగా చూశాడు.

కోర్టు వరండాలో మా వకీలు ఎదురొచ్చాడు. చేతిలో ఫైళ్లు. మమ్మల్ని చూసి నవ్వబోయి ఆగిపోయాడు. "ఈ బట్టలు ఎప్పుడిచ్చారమ్మా?" అన్నాడు. చెప్పాం. ఆయన ఏదో అనబోయేంతలో లోపల మా కేసు పిలిచారు. ఆయన పరిగెత్తాడు. మేం వెనకాల పోయి గోడకు ఒదిగి వరసగా నిలబడ్డాం.

వాదనలన్నీ ఇంగ్లీషులో. మా వకీలు బాగానే మాట్లాడాడని ఆయన చేతులు చూస్తే అనిపించింది. తర్వాత అవతలి వకీలు లేచాడు. నెమ్మదైన మనిషి, గొంతు కూడా పెంచలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగి మా వైపు చేయి చూపించాడు. జడ్జి తలెత్తి మమ్మల్ని చూశాడు. అక్కడున్న వకీళ్లందరూ తిరిగి చూశారు. అన్ని తలలు ఒకేసారి మా వైపు తిరిగాయి.

నా పక్కనే నిలబడిన అక్క వెన్ను నిటారుగా చేసింది. రెండు చేతులతో కోటు కిందికి లాగి సర్దుకుంది. చివరికి మనల్ని చూశారు అన్న సంతోషం ఆమె మొహంలో నాకు స్పష్టంగా కనపడింది. నాకూ అలాగే అనిపించింది. మా వకీలు మాత్రం తిరగలేదు. ఆయన ఫైలు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ వీపు చూశాక నాకు భయం మొదలైంది.

బయట క్యాంటీను దగ్గర ఆయన చెప్పాడు. అవతలి వకీలు అన్నది ఇదీ: ఒప్పందం మాకొద్దు, దాని ఆమోదం కొట్టెయ్యండి అంటున్నవాళ్లు ఆ ఒప్పందంలో వచ్చిన బట్టలే తొడుక్కుని, ఇస్త్రీ కూడా చేసుకుని మీ ముందు నిలబడ్డారు, తమరే చూడండి.

అక్క, "ఇస్త్రీ చేసింది నేను సార్" అంది, ఆయన అడగకపోయినా.

"నాకు తట్టలేదమ్మా. ముందే చెప్పాల్సింది నేను" అన్నాడాయన.

"మీరు అడిగిన్రు సార్. ఇంకేమన్న ఉన్నదా అని అడిగిన్రు" అంది అక్క.

తిరిగి వచ్చేటప్పుడు అందరం బస్సులో కూర్చున్నాం.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. కేసు కొట్టేశారు. ఒప్పందాన్ని మొత్తంగా చూడాలట, మాకు నచ్చని ముక్క విడగొట్టి ఇది బాగాలేదు అనడానికి లేదట. అందరికీ మంచి జరుగుతుంటే కొందరికి కష్టం కావచ్చట. మా బట్టల గురించి కూడా ఒక మాట ఉంది. మావాళ్లు తీర్పంతా వదిలేసి ఆ మాట ఒక్కటే పట్టుకున్నారు.

రోలరు మిషనును ముక్కలుగా విప్పి లారీకి ఎక్కించారు. అది ఉన్నచోట నేల మీద తెల్లటి మచ్చ మిగిలింది. అక్కను అంట్లు తోమే దగ్గర వేశారు, మిగతావాళ్లను తలో దిక్కు వేశారు. మొదట్లో మధ్యాహ్నం అన్నం దగ్గర కలిసేవాళ్లం. తర్వాత షిఫ్టులు మారాయి. బాత్‌రూములకు పోయిన ఒకామె ఒకసారి అందరి ముందే అంది, "పెద్ద లీడరు, యూనిఫారం తొడిగిచ్చి మనల్ని ముంచింది" అని. నేను ఆమె మీదికి పోయాను. అనరాని మాటలు అన్నాను. అక్క నన్ను వెనక్కి లాగింది. "అననీ. ఆమె చెప్పింది అబద్ధమా?" అంది.

ఆ మాట ఆమె నోట అప్పుడే మొదటిసారి విన్నాను. తర్వాత రెండేళ్లు అదే మాట. పండక్కి పోయినా, ఆసుపత్రికి తోడు పోయినా, ఎక్కడో ఒకచోట తిరిగి అక్కడికే వచ్చేది. "చీరలల్ల పోతే గెలుస్తుంటిమి చెల్లె." నేను తిట్టేదాన్ని. భుజాలు సరిచేసింది నేను కదా, నా తప్పు ఎందుకు కాదు అని వాదించేదాన్ని. పాత చీరలు కత్తిరించింది కూడా నేనే అనేదాన్ని. "నువ్వు చెప్పిన పని చేసినవ్. పోదామన్నది నేను" అనేది.

ఒక క్రిస్మస్‌కు నన్ను చర్చికి తీసుకుపోయింది. వాళ్ల చర్చిలో, ఆ ఏడాది దేవుడు చేసిన మేలు గురించి ఎవరికి వాళ్లు లేచి సాక్ష్యం చెప్తారు. ఒకరు కొడుకు ఉద్యోగం గురించి, ఒకరు ఆపరేషను గురించి చెప్పారు. అక్క లేచింది. నాతోటివాళ్ల అన్నంలో నా గర్వం వల్ల మన్ను పడింది, బట్టల మీద నాకు గర్వం ఉండింది, నన్ను క్షమించమని దేవుణ్ని అడగండి అంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచి ఆమె కోసం ప్రార్థించారు. నేను వెనక వరసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఆమె దేవుడి మీద నాకు కోపం లేదు. అంతమందిలో ఒక్కరైనా లేచి, అమ్మా, దీనికి క్షమాపణ ఎందుకు అనలేదు. బయటికొచ్చాక ఆమెతో మాట్లాడకుండా ఆటో ఎక్కాను. దారంతా ఏడ్చాను.

తర్వాత ఆమె హోటలు మానేసింది. నీళ్లలో నానీ నానీ చేతులు పాడయ్యాయి. నేను కూడా మానేసి అమీర్‌పేటలో నాన్న మిషను ఉన్న గదిలోనే చిన్న దుకాణం పెట్టుకున్నాను. హాస్టళ్లలో ఉండే పిల్లలు ఇంటర్వ్యూలకు కొన్న ప్యాంట్లు పొడుగు తగ్గించడానికి వస్తారు. వాళ్లను చూస్తే చాలు, ఇస్త్రీ చేయించుకున్నావా అని అడుగుతాను.

ఈ మధ్య ఒక సాయంత్రం మా వకీలు వచ్చాడు. నల్లకోటు లోపలి గుడ్డ చిరిగింది, మార్చాలి. ఈ రెండేళ్లలోనే మనిషి వడలిపోయాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాను. కోటు కొలుస్తూ అడిగాను, ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది.

"సార్, ఒక్క మాట నిజం చెప్పున్రి. ఆ దినం మేం చీరలల్ల వస్తే గెలుస్తుంటిమా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "లేదమ్మా. బట్టల మాట తీర్పులో ఒక్క వాక్యం. అది లేకపోయినా తీర్పు అదే. హోటలు మొత్తంలో మీరు గుప్పెడు మంది. ఎక్కువమంది ఔనన్నదానికి పడిన ఆమోదాన్ని కొట్టెయ్యాలంటే అంతకన్నా బలమైనదేదో కావాలి. మన దగ్గర లేదు. నాకు మొదటి రోజే తెలుసు."

"మరి కేసెందుకేసిన్రు?"

"మీరు అడిగారు. అడగడానికి మీకు హక్కుంది అనిపించింది" అన్నాడు.

నాకు కోపం రావాలి, రాలేదు. ఆయన పోగానే దుకాణం షట్టరు దించి షేరు ఆటో పట్టుకుని బోరబండ పోయాను. రెండేళ్లుగా ఆమె మోస్తున్న బరువు దించేసే మాట నా దగ్గర ఉంది. ఆటోలో పక్కనున్నవాళ్లకు కూడా చెప్పాలనిపించింది. అంత సంతోషంగా ఆ దారిలో నేను ఎప్పుడూ పోలేదు.

అక్క గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను నిలబడే చెప్పాను, ఊపిరి తీసుకోకుండా, వకీలు అన్నది అన్నట్టే. "నీ తప్పేం లేదక్కా. ఏం తొడుక్కొని పోయినా గంతే. ఆయననే చెప్పిండు, మొదటి దినం నుంచే ఎర్కనట" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. నేను అనుకున్నట్టు ఏడవలేదు, దేవుడికి దండం పెట్టలేదు.

"ఏం తొడుక్కొని పోయినా?" అంది.

"ఔనక్కా."

"జడ్జి మనల్ని చూసిండు కదా. చూసినంక సుత?"

ఔనన్నట్టు తల ఊపాను.

"గట్ల చెప్పకు చెల్లె," అంది. "నా వల్ల ఓడిపోయినమంటే గది గెలిచే కేసే అన్నట్టు. మనం అడిగింది న్యాయమే, నేనే కరాబ్ చేసిన. గట్ల అనుకుంటే నాకు నిద్ర వడ్తది. నువ్వు చెప్పేది నిజమైతే మనం లేనే లేము. ఇంత మందిమి, ఇన్నేండ్లు, కోర్టుల నిలవడితే సుత లేము. గది నేను మోయలేను. తప్పు నాదే ఉండనియ్యి."

రెండేళ్లు ఆ ఒక్క మాట మీద ఆమెతో పోట్లాడాను. ఒక్కసారి కూడా నేను ఒప్పుకోలేదు. ఆమె పక్కన గడప మీద కూర్చుని నేను కూడా రెండు చిక్కుడుకాయలు తీసుకున్నాను.

"ఔనక్కా," అన్నాను. "నీదే తప్పు. చీరలల్ల పోతే గెలుస్తుంటిమి."

ఆమె తల ఊపింది. కళ్లు తుడుచుకుని, నాకు టీ పెట్టడానికి లోపలికి పోయింది.